కుంచం ఎవరి చేతిలో ఉంది?

(మాస్టారి స్మారకోపన్యాసం – సామాజిక శాస్త్రాల్లో జ్ఞానం తయారయ్యే తీరు గురించి)



మాస్టారి పేరిట మాట్లాడమన్నప్పుడు వెంటనే ఒప్పుకోలేకపోయాను. ఆయన ముందు నోరు తెరిస్తే చెప్పినదానికి ఆధారం చూపించాలి. చూపిస్తే, అది ఎక్కడిదని అడిగేవారు. అదీ చెబితే, ఎవరు ఎవర్ని ఏమని అడిగితే ఆ సంగతి బయటికి వచ్చిందని మళ్లీ అడిగేవారు. ఆయన తరగతిలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఆ మూడో ప్రశ్న గుర్తుండే ఉంటుంది. మొదటి రెండింటికీ పుస్తకం తిరగేసి జవాబు చెప్పేవాళ్లం. మూడోదానికి పుస్తకంలో జవాబు దొరికేది కాదు. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ మూడో ప్రశ్న గురించే.

1. కల్లంలో పాఠం

పరిశోధనా పద్ధతుల పాఠం మొదలుపెట్టిన రోజు మాస్టారు ఇంటి నుంచి ఒక ఇనప కుంచం తెచ్చి బల్ల మీద పెట్టారు. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు అని మా చేతే చెప్పించారు. రైతుబిడ్డలం కాబట్టి అందరికీ వచ్చు. ‘సరే, ఈ కుంచంతో కొలిస్తే తెలిసేది ధాన్యం సంగతా, కొలిచేవాడి సంగతా?’ అని అడిగారు. ఎవరికీ జవాబు తోచలేదు.

అప్పుడాయన కల్లంలో జరిగేదంతా మాకు గుర్తు చేశారు. కుంచం మీద గోపురంలా పోస్తే ఒక లెక్క, అరచేత్తో చదును చేస్తే ఇంకో లెక్క. రాశిలో గుచ్చి కుదిపితే ఎక్కువ పడుతుంది, పైనుంచి జారవిడిస్తే తక్కువ పడుతుంది. కొన్ని ఇళ్లలో పాలేరుకు కొలిచి ఇచ్చే కుంచం వేరు, కౌలు కింద కొలిచి తీసుకునే కుంచం వేరు. పైగా కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. అంకెల కంటే ముందే ఆశ వచ్చి వరసలో కూర్చుంటుంది.

ధాన్యం లేదని ఎవరూ అనరు. రాశి కళ్లెదుటే ఉంది. అయినా పుట్లెన్ని అంటే జవాబు కుంచాన్ని బట్టి మారుతుంది, చేతిని బట్టి మారుతుంది, కొలిచేటప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది, మెట్రిక్ పద్ధతి అమల్లోకి వచ్చింది, కుంచాలు అటక ఎక్కాయి. ధాన్యానికి కిలో వచ్చింది కాని సమాజానికి అలాంటి కిలో రాలేదు. పని, పేదరికం, కులం, నేరం, రైతు, గ్రామం అనే మాటలు పలకడానికి తేలికే. వాటిని కొలవాలంటే మాత్రం ప్రతిసారీ కుంచాన్ని మనమే తయారు చేసుకోవాలి.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. సమాజం గురించి మనకు తెలిసినదంతా ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట నిలబడి, ఏదో ఒక మాట అడిగితే తెలిసింది. మనుషులు తయారు చేశారు కాబట్టి అదంతా అబద్ధం అనేవాళ్లున్నారు. నేను వాళ్లతో ఏకీభవించను. మనుషులు తయారు చేశారు కాబట్టే దానికి జవాబుదారీ ఉండాలి. ఎవరిని కొలిచామో వాళ్లకు ఆ కొలతను చూసే హక్కు, కాదనే హక్కు ఉండాలి. నాలుగు ఉదాహరణలతో ఈ మాట వివరిస్తాను.

2. ఎడ్లు ఏమయ్యాయని ఎవరూ అడగలేదు

ఇక్కడికి దగ్గర్లోనే, బాపట్లకూ చీరాలకూ మధ్య రైలు మార్గం మీద స్టూవర్టుపురం ఉంది. ఆ పేరు వినగానే తెలుగువాళ్లలో చాలామందికి దొంగలు గుర్తొస్తారు. సినిమాలకు కూడా ఆ పేరు పెట్టారు. ఒక ఊరి పేరు తిట్టుగా ఎలా మారిందో తెలియాలంటే ఆ ఊరి కంటే వెనక్కి వెళ్లాలి.

తర్వాత ఆ ఊళ్లో ఉంచిన ఎరుకలవాళ్లు 19వ శతాబ్దంలో చాలాకాలం సంచార వర్తకులు. ఎడ్ల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ప్రాంతాలకు మోసుకెళ్లేవారు. అక్కడి ధాన్యాన్ని ఇటు తెచ్చి అమ్మేవారు. దారిలో బుట్టలూ చాపలూ అల్లేవారు. ఆడవాళ్లు ఎరుక చెప్పేవారు. రోడ్లు లేని ఊళ్లకు వాళ్ల ఎడ్లే సరుకు రవాణా. తర్వాత రైలు వచ్చి ఆ సరుకును ఎత్తుకుంది. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం బిగిసింది. అటవీ చట్టాలు వచ్చి వెదురుకూ పశువుల మేతకూ అడ్డం పడ్డాయి. 1876-78 నాటి మహా కరువు మిగిలినదాన్ని ఊడ్చుకుపోయింది. వర్తకం పోయింది కాని తిరగడం పోలేదు. సరుకు లేకుండా తిరిగే మనిషిని ప్రభుత్వం అనుమానించడం మొదలుపెట్టింది. ఈ వరసనంతా చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో పాత రికార్డుల ఆధారంగా విప్పి చూపించారు.

ఇక జ్ఞానం సంగతి. 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని ‘నేరస్థ వర్గాల’ గురించి పుస్తకం రాశాడు. 1905లో రైల్వే పోలీసులో పనిచేసిన పాపారావు నాయుడు కొరవల, ఎరుకల చరిత్ర అంటూ ఇంకొకటి రాశాడు. 1909లో మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి దక్షిణాది కులాల, తెగల మీద ఏడు సంపుటాలు ప్రచురించాడు. పోలీసులు రాసిన మాటలు అందులోకి చేరి, పండితులు ఉదహరించే మాటలయ్యాయి. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి కూడా వచ్చింది. కొద్దికాలానికే సాల్వేషన్ ఆర్మీ నడిపే సెటిల్‌మెంటుగా స్టూవర్టుపురం వెలిసింది. దానికి మద్రాసు ప్రభుత్వంలోని పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు.

ఈ చక్రం ఎలా తిరిగిందో చూడండి. పోలీసు పుస్తకాన్ని చూసి మానవశాస్త్ర గ్రంథం రాశారు. అలాంటి గ్రంథాలు ఆ చట్టం కింద ప్రభుత్వం తయారు చేసిన జాబితాకు శాస్త్రం అండ ఇచ్చాయి. జాబితాలో పేరుంది కాబట్టి పోలీసులు హాజరు పట్టారు. హాజరు తప్పితే అదే నేరం. ఆ నేరాల లెక్క చూపించి, పుస్తకంలో రాసింది నిజమేనన్నారు. ఇలాంటి చక్రం తిరగడానికి అబద్ధం రాయాలనే ఉద్దేశం ఎవరికీ ఉండనక్కర్లేదు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు ఆధారమనుకుంటే చాలు.

మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. పుస్తకాల్లోంచి మాత్రం ఆ మాట రద్దు కాలేదు. ఆ మూడు పుస్తకాల వెనక ఉన్న ప్రశ్న ఒకటే: వీళ్లు ఎలా నేరం చేస్తారు? అంతకు ముందు ఇంకో ప్రశ్న అడిగి ఉంటే మొత్తం జ్ఞానం వేరే దారిలో నడిచేది. అది చాలా చిన్న ప్రశ్న: వీళ్ల ఎడ్లు ఏమయ్యాయి?

3. ఇంట్లోనే ఉండే మనిషి

రెండో ఉదాహరణలో తప్పు నాది.

డెబ్బైల చివర్లో మాస్టారు మమ్మల్ని నేతగాళ్ల ఊరికి సర్వేకు తీసుకెళ్లారు. ఒక ఇంట్లో గుంటమగ్గం మీద భర్త నేస్తున్నాడు. భార్య రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఫారంలో ఉన్నట్టే అడిగాను: ‘మీరేం పని చేస్తారమ్మా?’ ‘పనేముంది నాయనా, ఇంట్లోనే ఉంటా’ అంది. ‘పని లేదు’ అని రాసుకుని పక్కింటికి వెళ్లాను. చెప్పిందే రాశాను కదా, అందులో తప్పేముందని అప్పుడు నా నమ్మకం.

నేనొక్కణ్నే కాదు, దేశమే అప్పట్లో అలా రాసుకుంది. 1961 జనాభా లెక్కల్లో పని ఎక్కువగా ఉండే కాలంలో చాలా రోజులు, రోజుకు గంటకు మించి క్రమంగా పనిచేసేవాళ్లను శ్రామికులుగా లెక్కపెట్టారు. అప్పుడు స్త్రీలలో దాదాపు 28 శాతం శ్రామికులని తేలింది. 1971లో ప్రశ్న మారింది. ‘మీ ప్రధాన వ్యాపకం ఏమిటి?’ అని అడిగారు. వంట, పిల్లలు, నీళ్లు అన్నీ మోసే ఆడమనిషి ఏం చెబుతుంది? ఇంటిపనే అంటుంది. ఆ జవాబుతో ఆమె శ్రామికుల లెక్కలోంచి జారిపోయింది. స్త్రీ శ్రామికుల శాతం సగానికి అటూఇటూగా పడిపోయింది. ఆ పదేళ్లలో దేశంలో పనిచేసే ఆడవాళ్లలో సగంమంది నాట్లు మాని, కలుపు మాని, కండెలు మాని ఇంట్లో కూర్చున్నారా? పొలం అదే, రాట్నం అదే. మారింది కుంచం.

దీని మీద స్త్రీల అధ్యయనాల పండితులు గట్టిగా వాదించారు. 1974లో స్త్రీల స్థితిగతుల కమిటీ ఇచ్చిన ‘సమానత్వం దిశగా’ నివేదిక ఆ కొత్త చదువుకు పునాది వేసింది. 1981లో పూర్తికాలం పని, కొంతకాలం పని అనే తేడా వచ్చింది. 1991లో సొంత పొలంలో, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చేసే పని కూడా పనేనని ప్రశ్నలోనే చేర్చారు. 2019లో దేశమంతటా మొదటిసారి కాల వినియోగ సర్వే జరిగింది. ఇంట్లోవాళ్ల కోసం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని అప్పుడు తేలింది. దాదాపు అయిదు గంటలు. ‘పనేముంది’ అనే మాట వెనక అయిదు గంటలున్నాయి.

ఇక చేనేత. 2019-20లో వచ్చిన నాలుగో అఖిల భారత చేనేత గణన మగ్గం మీద కూర్చున్నవాళ్లనే కాదు, మగ్గానికి నూలు సిద్ధం చేసేవాళ్లను కూడా లెక్కపెట్టింది. మొత్తం 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో 72 శాతం స్త్రీలని తేల్చింది. కండె లేకపోతే నాడె ఆడదు. నేత ఊళ్లలో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. కాగితం దాకా రావడానికే చాలాకాలం పట్టింది.

ఈ కాలేజీలో చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. ‘పని’ అనే మాటను ఆమె ఒక అర్థంలో వాడింది, నా ఫారం ఇంకో అర్థంలో వాడింది. ఆమెకు పనంటే బయటికి వెళ్లి కూలి తెచ్చుకునేది. ఇంగ్లీషులో తయారైన ఫారానికి తెలుగు మాట పెట్టినంత మాత్రాన ప్రశ్న తెలుగుది అయిపోదు. అడిగేవాడి నిఘంటువు, చెప్పేవాళ్ల నిఘంటువు ఒకటేనా కాదా అన్నది సామాజిక శాస్త్రంలో మొదటి పరీక్ష. నేను అందులో తప్పాను. ఆ తర్వాత ఏం జరిగిందో చివర్లో చెబుతాను.

4. ఎవరు అడిగారు?

మూడో ఉదాహరణ అడిగే గొంతు గురించి. 1957-58లో జెరాల్డ్ బెర్రెమన్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు డెహ్రాడూన్ దగ్గరి కొండల్లో ఒక పల్లెలో పరిశోధన చేశాడు. పల్లె అసలు పేరు దాచి సిర్‌కండా అని రాశాడు. మొదట ఆయన దుబాసీ ఒక బ్రాహ్మణ యువకుడు. పల్లెలోని పై కులాల వాళ్లు తాము మాంసం ముట్టమని, మద్యం తాగమని, బలులివ్వమని చెప్పారు. కింది కులాల వాళ్లు దూరంగా ఉన్నారు. కొన్ని నెలలకు ఆ యువకుడు జబ్బుపడి వెళ్లిపోయాడు. అతని స్థానంలో ఒక ముస్లిం ఉపాధ్యాయుడు వచ్చాడు. అప్పుడు పల్లె ఇంకోలా మాట్లాడింది. దాచినవి దాచలేదు. కింది కులాల వాళ్లు తమ మీద జరిగేదాన్ని నోరు విప్పి చెప్పారు. పల్లె మారలేదు, పరిశోధకుడు మారలేదు, ప్రశ్నలు కూడా పెద్దగా మారలేదు. అడిగిన గొంతు మారింది. బెర్రెమన్ దీన్ని దాచుకోకుండా 1962లో విడిగా ఒక వ్యాసం రాసి ప్రచురించాడు. ఆయన రాసినవాటిలో అదే ఎక్కువ కాలం నిలుస్తుందని నా అభిప్రాయం.

ఎం. ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపుర గ్రామంలో ఉండి పనిచేశారు. ఆయన విశ్లేషించి పెట్టుకున్న నోట్సు 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫోర్డ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. జ్ఞాపకాల నుంచే ఆయన మళ్లీ పుస్తకం రాశారు. 1976లో వచ్చిన ఆ పుస్తకంలో ఒక నిజాయితీ ఉంది. తాను గ్రామపెద్ద ఇంటి ఆవరణలో దిగానని, బ్రాహ్మణుడిగా తనను ఊరు ఎక్కడ ఉంచాలో అక్కడే ఉంచిందని, అందువల్ల తనకు కనపడింది ఎక్కువగా పై కులాల ఊరేనని ఆయనే ఒప్పుకున్నారు. ఆయనిచ్చిన ‘సంస్కృతీకరణ’ అనే భావన ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. కింది కులం పై కులాన్ని చూసి ఆచారాలు మార్చుకుంటుందని దాని సారం. గ్రామపెద్ద ఇంటి అరుగు మీద నుంచి చూస్తే అది బాగానే కనపడుతుంది.

మన దగ్గర ఎస్. సి. దూబే హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న శామీర్‌పేట మీద పనిచేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1951-52లో చేపట్టిన సేవా కార్యక్రమంలో వైద్యం, వ్యవసాయం, పశువైద్యం తెలిసినవాళ్లు ఆ ఊరికి వెళ్లారు. వాళ్లతో కలిసి సమకూర్చిన సమాచారంతో 1955లో ఆయన పుస్తకం వచ్చింది. భారతీయ గ్రామం మీద మొదటి సమగ్ర అధ్యయనాల్లో అదొకటి. మందు ఇచ్చే చేతికి చెప్పే జవాబు, పన్ను వేసే చేతికి చెప్పే జవాబు ఒకలా ఉండవు. దూబే పుస్తకాన్ని చదివేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకుంటే దాని విలువ తగ్గదు, పెరుగుతుంది.

ఇక అదే తెలంగాణ నుంచి, వరంగల్ ప్రాంతంలోని కురుమ కుటుంబంలో పుట్టిన కంచ ఐలయ్య 1996లో తన పుస్తకం తెచ్చారు. తెలుగులో అది ‘నేను హిందువు నెట్లయిత’. గొర్రెల మంద దగ్గర, దుక్కి దగ్గర, పోచమ్మ గుడి దగ్గర నిలబడి చూస్తే ఊరు ఎలా ఉంటుందో అందులో ఉంది. ఆయన తీర్మానాలన్నిటితో నేను ఏకీభవించను. అయినా ఆ పుస్తకం వచ్చాక పాత గ్రామ అధ్యయనాల్లో ఏ వాడ రాలేదో స్పష్టంగా కనపడింది. వాడలోంచి మాట్లాడినవాళ్లే ఊరంతటినీ సరిగ్గా చూస్తారని నేను అనడం లేదు. ఎవరు ఎక్కడ నిలబడినా కొంత కనపడుతుంది, కొంత కనపడదు. తాను ఎక్కడ నిలబడ్డాడో చెప్పుకున్నవాడి మాటను సరిచూడవచ్చు. తాను ఎక్కడా నిలబడలేదన్నవాడి మాటను సరిచూడటానికి దారే ఉండదు.

5. చావును ఏ గడిలో రాయాలి?

నాలుగో ఉదాహరణ లెక్క రాసే చేతి గురించి. సమాజశాస్త్రానికి పునాది వేసిన పుస్తకాల్లో ఒకటి 1897లో ఎమిల్ దుర్ఖేమ్ రాసిన ‘ఆత్మహత్య’. యూరప్ ప్రభుత్వాల లెక్కలు ముందు పెట్టుకుని, ఒంటరి మనిషి చేసే పనిలో కూడా సమాజం చేయి ఉంటుందని ఆయన చూపించాడు. 70 ఏళ్ల తర్వాత, 1967లో జాక్ డగ్లస్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త వేరే ప్రశ్న వేశాడు: ఆ లెక్కలు రాసిందెవరు? ఒక చావును ఆత్మహత్య అనాలా, ప్రమాదమనాలా అని మొదట తేల్చేది అధికారి. పరువున్న కుటుంబం బతిమాలితే ఒకలా, ఎవరూ లేని మనిషైతే ఇంకోలా రాసే అవకాశం ఉంది. అలా రాసినవే సమాజశాస్త్రవేత్త బల్ల మీదికి అంకెలై వస్తాయి.

ఈ చర్చ మన ఊళ్లలో ప్రాణాల మీది చర్చ. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయం చేయడానికి, రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు విచారించి ‘నిజమైన’ రైతు ఆత్మహత్యలను గుర్తించాలంది. ఆ ఒక్క విశేషణం ఎంతమంది గుమ్మాల్లోకి వచ్చి నిలబడిందో ఆలోచించండి. పట్టాదారు పాసుపుస్తకం ఉందా? అప్పు బ్యాంకుదా, వడ్డీ వ్యాపారిదా? పత్రం ఉందా? కౌలు రైతుకు పొలం పేరు మీద ఉండదు. కౌలు చాలాచోట్ల నోటిమాట. అప్పు చీటీ కూడా ఉండకపోవచ్చు. పొలం దున్నిన మనిషి పోయాక, అతను దున్నాడని రుజువు చేయాల్సిన భారం భార్య మీద పడుతుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చూద్దాం. 2013 దాకా వ్యవసాయంలో స్వయం ఉపాధి పొందేవాళ్లని ఒకే గడి ఉండేది. ఆ సంవత్సరం ఆ గడిలో దేశమంతటా 11,772 ఆత్మహత్యలు ఉన్నాయి. 2014లో గడిని రెండుగా చీల్చారు. రైతుల కింద 5,650, వ్యవసాయ కూలీల కింద 6,710 వచ్చాయి. మొదటి గడినే చూసినవాళ్లకు రైతు ఆత్మహత్యలు ఒక్క ఏడాదిలో సగానికి తగ్గాయనిపిస్తుంది. రెండూ కూడితే 12,360. గడులు వేరుగా ఉండటంలో తప్పు లేదు. రైతుకూ కూలీకీ తేడా తెలియడం అవసరమే. కాని కాగితం లేని కౌలు రైతు చనిపోతే ఏ గడిలో రాయాలన్నది పోలీస్ స్టేషన్‌లో కలం పట్టిన చేతికి వదిలేసిన ప్రశ్న. అదే నివేదికలో గృహిణులనే గడి కూడా ఉంది. 2014లో అందులో 20 వేలమందికి పైగా ఉన్నారు. వాళ్లలో పొలం పని చేసిన ఆడవాళ్లెందరో ఆ గడి చెప్పదు. బతికుండగా ‘పని లేదు’ అని మనం రాసుకున్న మనిషి, చనిపోయాక రైతుగా ఎలా లెక్కకు వస్తుంది?

6. అయితే నిజమనేది లేదా?

ఇంత విన్నాక ఎవరైనా న్యాయంగానే అడుగుతారు: అంతా కుంచాన్ని బట్టే అయితే ఇక లెక్కలెందుకు? ఎవరి నిజం వాళ్లదేనా?

కాదు. నేను చెప్పిన ఉదాహరణల్లోనే దీనికి జవాబుంది. 2014 లెక్కను సరిచూసింది ఏ కొత్త సిద్ధాంతమూ కాదు, కూడిక. 1971 గణన వదిలేసిన ఆడవాళ్లను తిరిగి లెక్కలోకి తెచ్చింది మెరుగైన ప్రశ్న. బెర్రెమన్‌కు నిజం తెలిసింది రెండు గొంతులతో అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసినందువల్ల. ఎరుకల చరిత్రను సరిదిద్దిందీ రికార్డులే. అవే పాత రికార్డులను ఇంకో ప్రశ్నతో చదివారు. తప్పుడు కొలతను ఓడించేది ఇంకాస్త జాగ్రత్తగా, ఇంకాస్త బహిరంగంగా చేసిన కొలతే. కొలవడం మానేస్తే లాభపడేది ఎప్పుడూ కుంచం చేతిలో ఉన్నవాడే.

మన భాషలో దీనికి మంచి ఉదాహరణ 1986లో స్త్రీ శక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటం మీద అప్పటికే పుస్తకాలు ఉన్నాయి. దళాలు, తీర్మానాలు, నాయకులు అన్నీ ఉన్నాయి. ఆ సంఘంలోని ఆడవాళ్లు ఊళ్లకు వెళ్లి, పోరాటంలో ఉన్న స్త్రీలను కూర్చోబెట్టుకుని, వాళ్లు చెప్పినదాన్ని వాళ్ల మాటల్లోనే అచ్చువేశారు. అడవిలో కాన్పు, పిల్లల్ని వదిలి వెళ్లడం, పోరాటం ఆగిపోయాక ఇంటికెళ్లి వంట చూసుకొమ్మన్న మాట, ఇవన్నీ అప్పుడు చరిత్రలోకి వచ్చాయి. పాత చరిత్ర అబద్ధమైపోలేదు. అందులో ఎవరు లేరో తెలిసింది. జ్ఞానం పెరగడమంటే చాలాసార్లు ఇదే.

కొలతను ఇలా ప్రశ్నించడం ఇప్పుడు మరీ అవసరం, ఎందుకంటే కులం లెక్క మళ్లీ రాబోతోంది. 1931లో కులాలన్నిటినీ లెక్కించి అచ్చువేసిన చివరి గణనలో 4,147 కులాలు తేలాయి. 2011 కుల సర్వేలో జనం తమ నోటితో చెప్పిన కులం, ఉపకులం, గోత్రం, ఇంటిపేరు వగైరా కలిసి 46 లక్షల పేర్లయ్యాయి. 2024లో తెలంగాణలో ఇంటింటి కుల సర్వే జరిగింది. రాబోయే జనగణనలో కులాన్ని లెక్కించాలని 2025లో కేంద్రం నిర్ణయించింది. మన గుమ్మాల్లోకి మళ్లీ ఒక కుంచం రాబోతోంది. ఏమని అడుగుతారు, ఏ జాబితాలో కలుపుతారు, ఎవరు కలుపుతారు అనేది అంకెలు వచ్చాక కాదు, ఇప్పుడే మాట్లాడుకోవాలి. రేపు ఈ పనిలోకి వెళ్లేది ఈ గదిలో కూర్చున్న పిల్లలే.

7. చదివి వినిపించడం

నేత ఊరి సర్వే అయ్యాక నెల రోజులకు మాస్టారు మమ్మల్ని మళ్లీ ఆ ఊరు తీసుకెళ్లారు. ఎందుకని అడిగితే, ‘రాసింది చదివి వినిపించొద్దూ?’ అన్నారు. చావిడి ముందు చాపలు పరిచి ఊరివాళ్లను పిలిచారు. ఏ ఇంటి సంగతీ పేరు పెట్టి చదవలేదు. మొత్తం లెక్క చదివారు. ఊళ్లో ఇన్ని మగ్గాలు, ఇంతమంది నేతగాళ్లు, పని లేని ఆడవాళ్లు ఇంతమంది అని చదివేసరికి చాప చివర కూర్చున్న ఆమె లేచింది. నేను ఎవరి పేరు ఎదుట ‘పని లేదు’ అని రాశానో ఆమే. కోపంగా ఏమీ అనలేదు. నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది: ‘నువ్వడిగినంతసేపూ నా చేతులు ఆగినయ్యా నాయనా? చూళ్లేదా?’

చూశాను. చూసింది రాయలేదు. విన్నది రాశాను, అది కూడా నా అర్థంలో విన్నాను.

మాస్టారు అక్కడే చదవడం ఆపేశారు. ఆ సాయంత్రం నుంచి రెండు రోజులు ఇంటింటికీ తిరిగి మళ్లీ అడిగాం. ‘ఏం పని చేస్తారు’ అని అడగలేదు. ‘నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండి’ అని అడిగాం. ఆ ప్రశ్నకు ఎవరూ ‘ఏముంది’ అనలేదు. ఒక్కొక్కరు చెబుతుంటే పేజీలు సరిపోలేదు.

పెద్ద సర్వేలన్నిటినీ ఊరూరా చదివి వినిపించడం సాధ్యం కాదని నాకు తెలుసు. కాని ఏ నిర్వచనంతో లెక్కపెట్టారో సొంత భాషలో, చదువు తక్కువ ఉన్నవాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పడం సాధ్యమే. గ్రామసభలో ఆ ఊరి లెక్క పెట్టి కాదనేవాళ్ల మాట రాసుకోవడం సాధ్యమే. పరిశోధకుడు తాను ఎక్కడ దిగాడో, ఎవరి వెంట వెళ్లాడో ఒక పేరా రాయడం సాధ్యమే. ప్రతి విశ్వవిద్యాలయం, ప్రతి గణాంక కార్యాలయం ఈ మూడు పనులూ చేయాలని ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను. మాస్టారు అది పరిశోధనకు చివర చేసే మర్యాద అనుకోలేదు. పరిశోధనలో అసలు భాగం అక్కడే మొదలవుతుందని నమ్మారు.

ఆ సర్వే కాగితం నా దగ్గరే ఉంది. సరిదిద్దమన్నప్పుడు రబ్బరుతో తుడిచేయబోయాను. మాస్టారు చేయి పట్టుకుని ఆపారు. అడ్డంగా ఒక గీత గీసి పక్కన రాయమన్నారు. ‘పని లేదు’ అనే మాట ఆ గీత కింద ఇప్పటికీ కనపడుతుంది. పక్కన అప్పటి నా చేతిరాతలో ఇలా ఉంది: కండెలు చుడతారు, పొద్దున ఆరు నుంచి.